శవాన్ని ముట్టుకున్న కార్యదర్శి

శనివారం ఉదయం గుడ్డు ఉడికేలోగా క్లిఫర్డ్ ఆర్మ్‌రాడ్ ఆ రోజు పనులన్నీ ఖరారు చేసుకున్నాడు. పదకొండింటికి స్టేషన్‌కు వెళ్ళి నటుణ్ణి తీసుకురావాలి. రెండింటికి చర్చి హాల్లో సభ. నాలుగింటికి ఎన్నిక. అందులో కార్యదర్శి పదవి బెరిల్‌కు అప్పగించాలి. ఆరింటికల్లా ఇంటికొచ్చి బూట్లు విప్పాలి.

“ఈసారి నిజంగా వదిలేస్తున్నా,” అన్నాడు భార్యతో.

“పోయినేడూ ఇదే కుర్చీలో కూర్చుని ఇదే మాట అన్నావు మహానుభావా,” అంది గ్లెనిస్.

“పోయినేడు ఎవరూ ఒప్పుకోలేదు. ఇప్పుడు బెరిల్ ఒప్పుకుంది.”

“ఎంత చాకిరీయో ఆవిడకు చెప్పావా?”

“చెబితే ఒప్పుకుంటుందా?”

‘ఇన్‌స్పెక్టర్ బ్రాక్‌వెల్’ డెబ్భైల్లో గురువారాలు టీవీలో వచ్చిన నేరపరిశోధన సీరియల్. మొత్తం యాభై ఎనిమిది భాగాలు. దాని అభిమానుల సంఘానికి క్లిఫర్డ్ ఇరవై ఆరేళ్ళుగా కార్యదర్శి. మొదట్లో సభ్యులు మూడువందల మంది. ఇప్పుడు ముప్పై ఒక్కరు. ఈమధ్య సంఘానికి వచ్చే ఉత్తరాల్లో సగం సభ్యుల పిల్లలు రాసేవే. నాన్న పోయారు, మీ సంఘం పత్రిక పంపడం ఆపండి అని ఉంటుంది వాటిలో. ప్రతి ఉత్తరానికీ క్లిఫర్డ్ చేత్తో జవాబు రాస్తాడు. పోయినాయనకు ఏ భాగం ఇష్టమో కూడా గుర్తుచేసుకుని రాస్తాడు. ఇక ఓపిక లేదు.

ఏటా సభలో ముందుగా తొలి భాగంలోని తొలి సన్నివేశం ఆడతారు. కుర్చీలో శవం, కింద టీ కప్పు, చుట్టూ సుద్దగీత. బ్రాక్‌వెల్ తలుపు తోసుకొచ్చి, “ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు” అంటాడు. ఆ మాట సభ్యులందరూ ఆయనతో కలిసి అంటారు. ఇన్నేళ్ళూ కుర్చీలో దిండ్లు కుక్కిన కోటును కూర్చోబెట్టారు. ఈ ఏడు ఆనాటి శవమే వస్తోంది.

ఆయన పేరు లయనెల్ పాస్కో. ఎనభై నాలుగేళ్ళు. బ్రాక్‌వెల్ తర్వాత పదకొండు సీరియళ్ళలో వేశాడు, పదకొండింటిలోనూ చచ్చాడు. ఒక్కదానిలో మాత్రం చచ్చే ముందు “ఎవరది?” అన్నాడు.

“శాండ్‌విచ్‌లు పెడతారా?” అని అడిగాడు స్టేషన్లో దిగగానే.

“గుడ్డువీ ఉన్నాయి, చేపవీ ఉన్నాయి. హాలుకు వెళ్ళగానే తినొచ్చు.”

“సీను అయ్యాకే. నిండు కడుపుతో శవం వేస్తే పొట్ట కదులుతుందయ్యా.”

రెండింటికి హాల్లో ఇరవై ఎనిమిది మంది చేరారు. బెరిల్ టీ కలిపి లయనెల్ చేతికిచ్చింది. ఆయన రెండు గుక్కలు తాగి, కప్పు కింద పడేసి, కుర్చీలో తల వాల్చాడు. లెక్కల మాస్టారుగా రిటైరైన డెస్మండ్ టఫ్‌నెల్ రెయిన్‌కోటు వేసుకుని బ్రాక్‌వెల్‌లా లోపలికొచ్చాడు. అందరూ కలిసి ఆ మాట అన్నారు. చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీశారు.

లయనెల్ లేవలేదు.

“ఎంత లీనమైపోయాడో చూడు,” అన్నాడు డెస్మండ్.

పది నిమిషాలు గడిచాయి. “లయనెల్ గారూ, శాండ్‌విచ్‌లు,” అని క్లిఫర్డ్ పిలిచాడు. జవాబు లేదు. ముందు వరుసలోంచి ఎవరో, “ఊపిరి తీసుకుంటున్నట్టు లేదే,” అన్నారు.

క్లిఫర్డ్ సుద్దగీత దాకా వెళ్ళాడు. డెస్మండ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు.”

“డెస్మండ్, నాటకం అయిపోయింది.”

“అందుకే చెబుతున్నా. ఇది నాటకం కాదు.”

ఇరవై ఎనిమిది మందీ యాభై ఏళ్ళుగా ఒకే పాఠం చదివినవాళ్ళు. ఎవరూ చెప్పకుండానే ఒకాయన తలుపు గడియ వేశాడు. ఒకావిడ కింద పడిన కప్పును రుమాలుతో కప్పింది. మిగతావాళ్ళు గోడ వారగా నిలబడి, రెండింటికి ఎక్కడున్నదీ కాగితాల మీద రాయసాగారు. శవం నాడి చూద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఏ భాగంలోనూ అలా చూసినవాళ్ళు లేరు.

“టీ ఎవరు కలిపారు?” అన్నాడు డెస్మండ్.

“నేనే,” అంది బెరిల్. “ఏటా నేనే కలుపుతాను కదా!”

“చక్కెర ఎవరు వేశారు?”

“నేనే. రెండు చెంచాలు. ఆయనే అడిగాడు.”

“అడిగినట్టు సాక్షి ఉన్నారా?”

బెరిల్ చుట్టూ చూసింది. ముప్పై ఏళ్ళ స్నేహితులు ఆమె నుంచి ఒక్కో అడుగు దూరం జరిగారు. ఆమె కుర్చీలో కూలబడి ఏడవడం మొదలుపెట్టింది.

“నాకొద్దు ఈ సంఘం! కార్యదర్శీ వద్దు, ఏదీ వద్దు! క్లిఫర్డ్, నువ్వే ఏడువు!”

క్లిఫర్డ్‌కు ఇరవై ఏడో ఏడు కళ్ళ ముందు కనబడింది. వంటగదిలోకి వెళ్ళి అంబులెన్సుకు ఫోన్ చేశాడు.

“మనిషి ఊపిరి తీసుకుంటున్నాడా సర్?” అంది అవతలి అమ్మాయి.

“తెలీదమ్మా. దగ్గరికి వెళ్ళనివ్వడం లేదు.”

“ఎవరు?”

“ఇన్‌స్పెక్టర్.”

“పోలీసులు అక్కడే ఉన్నారా?”

“లేరు. లెక్కల మాస్టారు.”

“సర్, వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని చూడండి,” అంది ఆ అమ్మాయి.

క్లిఫర్డ్ డెస్మండ్‌ను పక్కకు నెట్టి, సుద్దగీత దాటి, లయనెల్ మణికట్టు పట్టుకున్నాడు. హాల్లో అందరూ ఒక్కసారి, “అయ్యో!” అన్నారు. మణికట్టు వెచ్చగా ఉంది. లయనెల్ ఒక కన్ను తెరిచాడు.

“కట్ చెప్పారా?”

“లేదండీ. ఎవరూ చెప్పలేదు.”

“మరి నన్నెందుకు ముట్టుకున్నావు? బంగారంలాంటి షాట్ పాడుచేశావు కదయ్యా!”

“మీరు పోయారనుకున్నామండీ. ఇదంతా మీకు వినబడలేదా?”

“వినబడింది. సీను పెంచారనుకున్నాను. బాగానే రాశారు.” ఆయన నడుము పట్టుకుని లేచాడు. “ఆవిడ ఏడుపు మాత్రం కాస్త ఎక్కువైంది.”

అంబులెన్సు వచ్చేసరికి శవం చేప శాండ్‌విచ్ తింటోంది. వచ్చిన ఇద్దరూ ఖాళీ చేతులతో పోవడం ఎందుకని బెరిల్‌కు రక్తపోటు చూశారు.

ఎన్నిక నాలుగింటికి బదులు ఐదింటికి మొదలైంది. క్లిఫర్డ్ నోరు తెరిచేలోపే డెస్మండ్ లేచాడు.

“కార్యదర్శి నేరస్థలాన్ని చెడగొట్టాడు. పదవి నుంచి తొలగించాలని ప్రతిపాదిస్తున్నాను.”

“నేరమే జరగలేదు కదా!” అన్నాడు క్లిఫర్డ్.

“ముట్టుకునేటప్పుడు ఆ సంగతి నీకు తెలియదు కదా.”

ఇరవై ఏడు చేతులు లేచాయి. అందులో బెరిల్ చెయ్యి ఒకటి. అంబులెన్సు వాళ్ళు విప్పడం మరిచిన రక్తపోటు పట్టీ దానికి ఇంకా ఉంది. ఓటు లేకపోయినా లయనెల్ కూడా చెయ్యెత్తాడు. కొత్త కార్యదర్శిగా ఎవరుంటారని డెస్మండ్ అడిగాడు. ఈసారి ఒక్క చెయ్యీ లేవలేదు. అందరూ కోట్లు తొడుక్కోవడం మొదలుపెట్టారు.

ఆరున్నరకు క్లిఫర్డ్ ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాడు. గ్లెనిస్ టీవీ కట్టేసి మరీ విన్నది.

“అయితే వదిలింది కదా. మరి మొహం అలా పెట్టావేం?”

“నేను మానేయడం వేరు, వాళ్ళు తీసేయడం వేరు.”

“ఇరవై ఆరేళ్ళు దేవుడికి మొక్కుకున్నావు.”

“ఇలా మొక్కుకోలేదు. ఆ మనిషి బతికున్నాడో లేదో చూసింది నేనొక్కణ్ణే గ్లెనిస్. దానికి నన్ను తీసేస్తారా?”

ఆమె టీ పెట్టడానికి లేచింది.

ఆదివారం ఉదయం ఆయన బల్ల ముందు కూర్చుని, తన తొలగింపు చెల్లదని నాలుగు పేజీల అప్పీలు రాశాడు. కవరు మీద చిరునామా కోసం సంఘం నిబంధనలు తిరగేశాడు. అప్పీళ్ళన్నీ కార్యదర్శికి పంపాలని, మరెవరికి పంపినా చెల్లవని, పద్నాలుగో నిబంధనలో ఆయనే రాసి ఉన్నాడు.