జోసెఫ్ సారు ముక్కు మీది ఎర్ర గీతలు

జోసెఫ్ సారు ముక్కుసూటి మనిషి. చిక్కంతా ఆ ముక్కుతోనే వచ్చింది.

ముక్కు మీద, రెండు బుగ్గల మీద సన్నటి రక్తనాళాలు బాగా తాగేవాళ్లకు ఉన్నట్టే, ఎర్రదారం చిక్కుపడ్డట్టు పైకే కనబడేవి. మునగాల హైస్కూల్లో ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్న ఆ మనిషి జన్మలో చుక్క ముట్టలేదు. అయినా హైవే మీద పోలీసులు ఆయన చేత మూడుసార్లు గొట్టంలో ఊదించి, మూడుసార్లూ సున్నా వచ్చేసరికి యంత్రాన్నే దులిపి చూశారు.

దాన్నీ ఓర్చుకున్నాడు. కానీ నిరుడు ఆత్మకూర్ చర్చిలో తాగుడు మానమని ప్రసంగం చేస్తుంటే, జనం ఆయన ముఖం చూసి నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఈ ఆదివారం మళ్లీ ఆయనదే ప్రసంగం. ఈసారి ముఖం బాగుచేయించుకునే మైకు పట్టాలని నిశ్చయించుకున్నాడు.

భార్య సౌమ్య సూర్యాపేటలో ఒక దవాఖానలో నర్సు, కాపురం కూడా అక్కడే. ఆమెకు చెబితే నెలరోజులు నవ్వుతుంది. అందుకని గురువారం పొద్దున కోదాడలో ట్రైనింగ్ ఉందని చెప్పి మిర్యాలగూడ బస్సెక్కాడు. అక్కడి చర్మం డాక్టరు కల్పన భూతద్దం పెట్టి ముఖమంతా చూసింది.

"లేజర్ పెడితే ఈ నాళాలు మెల్లగ మూసుకపోతయి సార్. కాకపోతే వారం, పదిరోజులు ముఖం కమిలిపోయినట్టుంటది. దగ్గర్ల ఫంక్షన్ గిట్ల ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు మేడం," అన్నాడు, డాక్టర్లు రోజులు పెంచి చెబుతారని నమ్మి. ముక్కుసూటి మనిషి అబద్ధమాడటం ఆ రోజుకు అది రెండోసారి.

కళ్లకు నల్లద్దాలు పెట్టారు. రబ్బరు బ్యాండు సాగదీసి ముక్కు మీద వదిలినట్టు చురుక్కుచురుక్కుమంది. అరగంటలో పని అయిపోయింది. సారు అద్దంలో చూసుకున్నాడు. ముఖమంతా నేరేడు పళ్లు ఆరబోసినట్టు ఊదారంగు మచ్చలు. ముక్కు ఉబ్బి వంకాయ అయింది.

ముఖానికి తువాలు చుట్టుకుని సూర్యాపేట బస్టాండులో దిగితే, ఎదురింటి భద్రమ్మ కనబడనే కనబడింది. ఆమెను తప్పించుకోబోయి మెట్టు మీద తూలాడు. తువాలు జారింది. ఆమె కదలకుండా నిలబడి ఆ ముఖాన్ని తీరిగ్గా చూసింది.

ఇంట్లో సౌమ్య తలుపు తీసింది.

"ముఖానికేమైంది?"

"తేనెటీగలు కుట్టినయ్."

"ట్రైనింగ్ల తేనెటీగలేంది?"

"బడి చూరుకు పట్టున్నది. నేను దాని కిందనే నిలవడ్డ."

సౌమ్య లోపలికి వెళ్లి ముళ్లు పీకే చిమటా తెచ్చింది. "కూసో. ముండ్లన్నీ పీకాలె. ఒక్కటి మిగిలినా కండ్లు మూసుకపోతయ్."

చిమటా కొస ముక్కు దాకా వచ్చింది. సారు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "ఆగు. ఈగలు గాదు. బండి మీదికెళ్లి పడ్డ."

"మన బండి ఇంట్లనే ఉన్నది గదా."

"వేరే సారు బండి. ఆయన నడిపిండు."

"గట్లనా. అయితే ముందుగాల సూదెయ్యాలె. తలకాయకు స్కానింగ్ గూడ తీపియ్యాలె. ముఖం మీద పడ్డోళ్లకు లోపట రక్తం గడ్డకట్టినా తెల్వది. ఆటోకు ఫోన్ చేస్తున్న, చెప్పులేసుకో."

సూది పేరు వింటేనే సారుకు ఒళ్లు చల్లబడుతుంది. ఇంకో అబద్ధం వెతుక్కుంటుండగా గేటు చప్పుడైంది. వచ్చింది ఆటో కాదు, పనిమీద సూర్యాపేటకు వచ్చిన ఆత్మకూర్ చర్చి పాస్టరుగారు. భద్రమ్మ ఫోను అప్పటికే ఆయనకు చేరింది.

పాస్టరుగారు కూర్చున్నారు. ఇచ్చిన నీళ్లు తాగలేదు.

"జోసెఫ్ సార్, ఒక్కటే అడుగుత. తాగి పడ్డవా?"

ఈగలంటే సౌమ్య పట్టుకుంటుంది. బండంటే ఎవరి బండని పాస్టరు అడుగుతారు. నిజం చెబితే ఈ వయసులో సోకులంటారు, చెప్పకపోతే తాగుబోతంటారు. ఇరవై ఏళ్లుగా నిలబెట్టుకున్న పేరు ఆ ఊదారంగు ముక్కు కొసన వేలాడుతోంది.

"అయ్యగారూ... నేను..." అని ఆగిపోయాడు.

"ఆయన తాగలే, పడలే అయ్యగారూ," అంది సౌమ్య. "లేజర్ పెట్టిచ్చుకున్నడు."

సారు నోరు తెరిచాడు. "నీకెట్ల తెల్సు?"

"మచ్చలన్నీ ఒక్క సైజుల, వరుసగున్నయ్. తేనెటీగలు స్కేలు పట్టుకొని కుట్టవు."

"మరి ఆ చిమటా, సూది?"

"ఎన్నో అబద్ధం కాడ ఆగుతవో సూద్దామని."

పాస్టరుగారు కండువాతో నోరు తుడుచుకున్నారు. నవ్వు పూర్తిగా తుడుచుకుపోలేదు. "మరి ఆదివారం ఎట్లమ్మా? ఈ ముఖంతోటి మైకు ముందర నిలవెడితే నా చర్చి ఏంగావాలె?"

"నేను మాట్లాడుత. తాగి తాగి దవాఖానకొచ్చినోళ్లకు ఏండ్లసంది సెలైన్లు పెడుతున్న. ఆయన ముందు వరుసల కూసుంటడు."

"నేనెందుకు?" అన్నాడు సారు.

"ఇంట్ల దాసుకుంటే భద్రమ్మ మాటే నిజమైతది."

ఆదివారం సౌమ్య నిదానంగా మాట్లాడింది. కాలేయం ఎట్లా చెడుతుందో, ముప్పై ఏళ్లవాళ్లు మంచం మీద ఎట్లా అయిపోతారో చెప్పింది. భర్త మాట ఎత్తలేదు. కానీ ఆమె తాగుడు అన్నప్పుడల్లా చర్చి చర్చంతా ముందు వరుసలోని ముఖం వైపు తిరిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇద్దరు ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు. జోసెఫ్ సారు నేల మీది చాప అల్లికను లెక్కబెడుతూ కూర్చున్నాడు.

అయిపోయాక, తాగుడుతో రోజుకూలీ కైకిలి పనులు కూడా పోగొట్టుకున్న ఎల్లయ్య వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఎంతమంది చెప్పినా ఇనలే సారూ. ఇయ్యాల నీ ముఖం సూసినంక భయమైంది. ఇగ ముట్ట."

ఒక్క చుక్క కూడా తాగి ఎరగనని చెప్పడానికి సారు నోరు తెరిచాడు. ఎల్లయ్య పట్టిన చేతులు వదల్లేదు. వెనక నిలబడ్డ సౌమ్య, వద్దన్నట్టు తల కొద్దిగా ఊపింది.

"మంచిది ఎల్లయ్యా," అన్నాడు జోసెఫ్ సారు. "నేను గూడ ముట్ట."