పెట్రోనా కొండలెక్కింది

ఆ ఏప్రిల్ ఉదయం అన్సెల్మో నహుయెల్కిర్ పెట్టుకున్నవి రెండే పనులు. పెట్రోనా వీపుకి డబ్బీ అంటించడం ఒకటి, పెట్రోలు బంకుదాకా వెళ్లి కాసేపు కబుర్లాడి రావడం రెండోది.

పెట్రోనా ఒక పెంగ్విన్. కాలేటా గర్సా తీరానికి కాపలాదారైన అన్సెల్మో వంటింటి వెనక ముళ్లపొద కింద పదకొండేళ్లుగా ఏటా సెప్టెంబరులో వచ్చి గుడ్లు పెడుతుంది. అక్కడ చలి మొదలయ్యే ఏప్రిల్లో సముద్రంలోకి దిగి మాయమైపోతుంది. చలికాలమంతా ఎక్కడుంటుంది, ఏం చేస్తుంది? ఈ సందేహం అన్సెల్మోని పురుగులా తొలిచేస్తోంది. వచ్చే ఏడాది రిటైరవగానే ఆ ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఈలోగా తెలియకపోతే ఇక తెలియనట్టే.

అతని పోరు పడలేక పరిశోధనశాలలో పనిచేసే డాక్టర్ నెరీనా హ్యూస్ రెండు డబ్బీలు పంపింది. అగ్గిపెట్టెంత ఉంటాయి, వెనక మీసంలా సన్నటి తీగ. రోజుకోసారి ఉపగ్రహానికి తామెక్కడున్నామో చెబుతాయి. ఏడో నంబరుది పెట్రోనాకి, ఎనిమిదోది పరీక్షకి.

"దోన్ అన్సెల్మో, ముందు జిగురు దేనికైనా అంటించి చూడండి. దానికి తడి తగలాలి, వేడీ చలీ తగలాలి," అని చెప్పింది ఫోన్లో. "దోన్" అంటే అక్కడ పెద్దవాళ్లని పిలిచే మర్యాద.

అలాంటి వస్తువు ఆ ఊళ్లో ప్రతివాడి చంకలోనూ ఉంటుంది. టీలా తాగే మాతె ఆకు మీద పోసుకునే వేణ్నీళ్ల థర్మాస్. ముందురోజే అన్సెల్మో తన ఆకుపచ్చ థర్మాస్ అడుగున ఒక డబ్బీ అంటించాడు. మర్నాడు స్క్రూడ్రైవరుతో పొడిచినా ఊడలేదు. "ఇదీ జిగురంటే!" అని మురిసిపోయి రెండోది పెట్రోనాకి అంటించాడు. పెట్రోనా అతని బొటనవేలు కొరికి, అలల్లోకి జారి వెళ్లిపోయింది. పుస్తకంలో "పెట్రోనా ఏడు, థర్మాస్ ఎనిమిది" అని రాసుకున్నాడు. డబ్బీల మీది అంకెలు మాత్రం చూడలేదు. కళ్లజోడు వంటింట్లో ఉంది, అంతదూరం వెళ్లడానికి బద్ధకించాడు.

"ఎనిమిదో నంబరు పంపే చుక్కల్ని నా కంప్యూటర్లో తెరవనే తెరవను," అంది నెరీనా. "మీ థర్మాస్ ఎక్కడ తిరిగితే ఎవరిక్కావాలి?"

మధ్యాహ్నం బంకు దగ్గర ఉన్ని లారీల డ్రైవర్లతో కూర్చున్నాడు. మాతె తాగే సొరబుర్ర చేతులు మారుతూ నాలుగు చుట్లు తిరిగింది. గోడ మీద ఐదు థర్మాసులు, ఐదూ ఆకుపచ్చవే, ఐదూ సొట్టలు పడ్డవే. లేచినప్పుడు ఎవడికి అందింది వాడు చంకలో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున అతని భార్య దెల్ఫీనా అంది, "ఏమయ్యో, మన థర్మాసుకి వయసు తగ్గుతోందేంటి? నిన్నటి నీళ్లు ఇంకా పొగలు కక్కుతున్నాయి!"

అన్సెల్మో థర్మాస్ తిరగేసి చూశాడు. డబ్బీ లేదు. ఊడిపోయింది! అంటే జిగురు దండగన్నమాట. మరి పెట్రోనా వీపు మీదది? అంతలో ఫోన్ మోగింది.

"దోన్ అన్సెల్మో, మీ పెట్రోనా సముద్రంలో లేదు. పడమటి మైదానంలో, ఒడ్డుకి నూటపాతిక కిలోమీటర్ల లోపలుంది!"

అన్సెల్మోకి అంతా అర్థమైపోయింది. డబ్బీ ఒడ్డునే రాలిపోయింది, ఎవడో ఏరుకుని పట్టుకుపోయాడు. జిగురు గురించి అంత గొప్పలు పోయాక ఆ మాట డాక్టరమ్మతో ఎలా అనడం? "నడకంటే దానికి మహా ఇష్టమమ్మా," అన్నాడు నీరసంగా.

ఆ మాట దెల్ఫీనా వింది. గంటలో రొట్టెల కొట్టువాళ్లు విన్నారు, మధ్యాహ్నానికల్లా ఊరి రేడియో వింది. మూడోరోజుకి నెరీనా పటం మీద ఏడో నంబరు చుక్క కొండల దగ్గరికి చేరింది. సముద్రం వేడెక్కి మంచు వెతుక్కుంటూ పోతోందని బడి పంతులమ్మ, మొగుణ్ని వదిలేసి పోతోందని రొట్టెలావిడ. ఊరు రెండుగా చీలిపోయింది. మేయరు ఏ పక్షమూ తేల్చలేదు, ఉపన్యాసం రాయడం మాత్రం మొదలెట్టాడు.

"మా పెదనాన్న కొడుక్కి ఒంట్లో బాగాలేదట, చూసొస్తా," అన్నాడు అన్సెల్మో, డబ్బీ పట్టుకుపోయినవాణ్ని వెతకడానికి పికప్ బండి ఎక్కుతూ.

"అతను పోయి నాలుగేళ్లయింది కదయ్యా!"

"అందుకే, ఇంకా చూడకపోతే బాగుండదు."

చుక్క దక్షిణానికి పోతే తనూ దక్షిణానికి పోయాడు. ఫోన్ పనిచేసిన ప్రతి ఊళ్లోనూ ఆగి నెరీనాని అడిగి తెలుసుకునేవాడు. చేరేసరికి చుక్క ఉత్తరాన ఉండేది. పదహారోరోజున, కొండల కింద ఒక బంకులో ఆరోజు తనతో కూర్చున్న ఉన్ని లారీ డ్రైవరు ఎవరిస్తో మాతె పోసుకుంటూ కనిపించాడు. థర్మాస్ అడుగున తీగ.

"ఓ పెద్దాయనా, ఇది మీదా? తీసుకుపోండి బాబూ! గంటకే నీళ్లు చల్లారిపోతున్నాయి. ఆ మీసం పొడిచి పొడిచి నా అరచెయ్యి చూడండి!"

అన్సెల్మో అతని కళ్లజోడు అడిగి పెట్టుకుని డబ్బీ చదివాడు. ఏడు.

తుడిచి మళ్లీ చదివాడు. ఏడే. తర్వాత ఒక్కసారిగా బుర్ర వెలిగింది. ఇది ఏడైతే, పెట్రోనా మీద ఎనిమిది! ఎవరూ తెరవని ఎనిమిది! ఫోన్ తీశాడు. ఆ మైదానంలో ఐదువందల కిలోమీటర్లు ఫోన్ పలకదు. ఉపగ్రహానికి ఆ ఇబ్బంది లేదు. పక్కసీటులో థర్మాస్ పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.

రెండోరోజు ఊరి మలుపు తిరిగేసరికి బ్యాండుమేళం మోగింది. రోడ్డుకి అడ్డంగా గుడ్డ కట్టారు: "పెట్రోనాకు స్వాగతం". పిల్లల చేతుల్లో చేపలు, మేయరు చేతిలో కాగితాలు. చుక్క ఊరివైపు తిరిగిందని చూపిస్తున్న కంప్యూటరు పట్టుకుని నెరీనా ముందుకి పరిగెత్తుకొచ్చింది.

"దోన్ అన్సెల్మో, పెట్రోనా మీ బండిలోనే ఉందా?"

అతను థర్మాస్ ఎత్తి చూపించాడు. బ్యాండు ఒక్కో వాయిద్యంగా ఆగిపోయింది.

"ఎనిమిది తెరువమ్మా," అన్నాడు.

నెరీనా తెరిచింది. పద్దెనిమిది చుక్కలు. ఒక్కటీ నేల మీద లేదు. ఒడ్డు పక్కనే ఉత్తరానికి, ఎక్కడా తడబడకుండా సాగి, చివరి చుక్క లా ప్లాతా నది సముద్రంలో కలిసేచోటికి కాస్త అవతల ఆగింది. ఇంకా పైకే పోతోంది. అన్సెల్మో ఆ చుక్క మీద వేలు పెట్టాడు. పదకొండేళ్ల సందేహం, ఇంత చుక్క. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

"అయితే ఉత్తరాన వెచ్చగా ఉండే చోటికే పోతోందన్నమాట," అన్నాడు మెల్లగా.

"నీకంటే దానికే తెలివుంది," అంది దెల్ఫీనా, అతని చెయ్యి పట్టుకుని. "చెప్పకుండా పోయినా, అబద్ధం చెప్పి మాత్రం పోలేదు."

మేయరు గొంతు సవరించుకున్నాడు. రెండు వారాలు రాసిన ఉపన్యాసాన్ని వదిలేసే మనిషి కాదాయన. పెట్రోనా అన్నచోటల్లా అన్సెల్మో అని మార్చి మొత్తం చదివేశాడు. "ఆ పొట్టికాళ్లతో అంతదూరం తిరిగొచ్చిన" అన్న వాక్యంలో మాత్రం మార్చాల్సిందేమీ ఆయనకి కనిపించలేదు.