పెద్దాయన పోయినాడు

ఆ పొద్దున ఎలీషా చేయాలనుకున్నవి రెండే పనులు. బొరుగులు నానబెట్టి ఉగ్గాణి చేసుకొని తినడం, టీవీ ముందు కూర్చొని ప్రభుత్వాన్ని తిట్టడం. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు ఉద్యోగం నుంచి రిటైరై, ఆ వెనకే భార్యను కూడా సమాధి దాకా సాగనంపాక, నంద్యాలలో ఆ రెండు గదుల ఇంట్లో ఆయనకు మిగిలిన కాలక్షేపం అంతకన్నా లేదు. టీవీ తన మాట వినదని ఆయనకు తెలుసు. కానీ అది మాట్లాడడం మానదు. ఒంటరి మనిషికి అదీ ఒక ఆసరాయే.

తిట్టడానికి కారణం లేకపోలేదు. కొన్నాళ్ళ క్రితం ఎక్కడో పరాయి దేశంలో మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మొదట ప్రభుత్వం గ్యాస్ సిలిండర్ పేలిందని చెప్పింది. తరువాత, కాదు, తుపాకులు పట్టుకొని వచ్చారని చెప్పింది. గాయపడ్డ పెద్ద అధికారి కోలుకుంటున్నాడని మాత్రం రోజూ చెబుతూ వచ్చింది. ప్రభుత్వం అబద్ధమాడిందని కొందరు, తెలిసింది తెలిసినట్టు చెప్పిందని కొందరు దేశమంతా రెండుగా చీలి కొట్లాడుకుంటున్నారు. ఎలీషా కుటుంబం కూడా చీలింది.

ఎలీషాకు మిగిలిన ఒకే ఒక తోబుట్టువు అన్న జకరయ్య. ఆళ్ళగడ్డలో సేద్యం చేస్తాడు. ఆదివారం ప్రార్థన కాగానే అన్న ఇంటికి పోయి వదిన లూదియా చేతి కూడు తిని రావడం ఎలీషాకు అలవాటు. ఒక విందులో అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన కూర్చొని తింటుండగా దాడి మాట వచ్చింది.

"సిలిండరని ఎందుకు చెప్పినారన్నా? ఎలక్షన్లు ఉండాయని గాదా?" అన్నాడు ఎలీషా.

"ఆ పొద్దు తెలిసింది అదేరా. తెలిసింది చెప్పినారు. దాంట్లో అబద్ధమేముంది?"

"సిలిండరుకు, తుపాకీకి తేడా తెలీనోళ్ళు దేశాన్ని ఏలుతాండారా?"

"నీకు ఆవుకు, ఎద్దుకు తేడా తెలిస్తే చాల్లేరా, కాంపౌండరూ!"

బంతిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఎలీషా పెరుగన్నం ముట్టకుండా లేచి, చేయి కడుక్కొని బస్సెక్కాడు. ఆ తరువాత అన్న ఫోన్ చేయలేదు, తమ్ముడూ చేయలేదు. ఆదివారాలు అలాగే గడిచిపోతున్నాయి.

మధ్యలో జకరయ్యకు నంద్యాలలోనే హెర్నియా ఆపరేషను జరిగింది. ఎలీషా బత్తాయిలు కొనుక్కొని ఆసుపత్రి దాకా పోయాడు. వార్డు తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపల అన్న పక్క మంచం రోగితో, "తెలిసింది చెప్పినారప్పా, దాంట్లో అబద్ధమేముంది?" అని గట్టిగా వాదిస్తున్నాడు. గొంతు బాగానే ఉంది కాబట్టి ప్రాణానికి ముప్పు లేదనుకొని, ఎలీషా బత్తాయిలతో సహా ఇంటికి వచ్చేశాడు. వాటిని ఒక్కడే తిన్నాడు.

ఇక ఆ పొద్దున సంగతి. టీవీలో వార్త వచ్చింది. కోలుకుంటున్నాడని చెబుతూ వచ్చిన ఆ పెద్ద అధికారి నిజానికి చాలా రోజుల క్రితమే చనిపోయాడని ప్రభుత్వం ఒప్పుకుంది. ఎలీషా ఉగ్గాణి గిన్నె కింద పెట్టి ఫోన్ అందుకున్నాడు. అందులో ఆయనకు రెండు వాట్సాప్ గ్రూపులున్నాయి. ఒకటి ఆయనలాగే ప్రభుత్వాన్ని తిట్టేవాళ్ళది. రెండోది చుట్టాలందరిదీ. చుట్టాల గ్రూపు విందు గొడవ తరువాత మూగబోయింది. కానీ ఆ పొద్దునే జకరయ్య కూతురు ప్రియదర్శిని తన కొడుక్కి పన్ను ఊడిన ఫొటో అందులో పెట్టడంతో అది పైకి వచ్చి కూర్చుంది. ఎలీషా కళ్ళజోడు లేకుండా పైదాన్నే నొక్కి, మాట రికార్డు చేశాడు. గొంతులో మిరపకాయ అడ్డం పడడం వల్ల మాటకు ఏడుపు జీర వచ్చింది.

"పోయినాడు! పెద్దాయన పోయినాడు! బాగుండాడు, లేచి కూర్చుంటాండాడు అని ఇన్నాళ్ళూ మనల్ని మాయ చేసినారు. పోయినోన్ని బతికుండాడని చెప్పినారు. నేను ఆ పొద్దే చెప్పినా. ఎవురూ నా మాట ఇనలా!"

కసి తీరింది. ఫోన్ చార్జింగుకు పెట్టి, బట్టలు ఉతుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. ఎప్పుడో చర్చిలో ఆ ఫోన్‌ను సైలెంటులో పెట్టి, మళ్ళీ తీయడం మరిచిపోయాడు. ఎవరూ ఫోన్ చేయరు కాబట్టి ఆ సంగతి ఆయనకు ఇంతవరకూ తెలియనే లేదు.

చుట్టాలంతా పెద్దాయన అని పిలిచేది జకరయ్య ఒక్కణ్ణే. ఈ మధ్యే ఆపరేషనైంది. బాగున్నాడనే అందరూ అనుకుంటున్నారు. ఇప్పుడు సొంత తమ్ముడే ఏడుస్తూ పోయాడంటున్నాడు. ఇంకేం కావాలి? గడివేములలో ఉన్న మేనమామ సామ్యేలు వెంటనే ఎలీషాకు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. జకరయ్యకు చేశాడు, ఎత్తలేదు. లూదియాకు చేశాడు, ఆమె కూడా ఎత్తలేదు. మొగుడూ పెళ్ళాలు ఫోన్లు ఇంట్లో పడేసి శనగ చేనికి పోయారని ఆయనకేం తెలుసు? ముగ్గురూ ఎత్తకపోవడంతో చావు రూఢి అయిపోయింది. సామ్యేలు జీపు మాట్లాడాడు. అత్తగారి ఊరు బండి ఆత్మకూరు నుంచి ప్రియదర్శిని గుండెలు బాదుకుంటూ ఆటో ఎక్కింది.

జీపు ఎక్కుతూ సామ్యేలు, ఎలీషా బయలుదేరాడో లేదో చూడమని అతని పక్కింటి నాగేశ్వరమ్మకు ఫోన్ కలిపాడు. ఎలీషా భార్య జబ్బు పడ్డప్పటి నుంచీ ఆమె నంబరు అందరి దగ్గరా ఉంది.

నాగేశ్వరమ్మ గోడ మీది నుంచి తొంగిచూసింది. ఎలీషా చొక్కాలు పిండుతున్నాడు.

"ఏందప్పా, ఈడ బట్టలు ఉతుకుతాండావు? మీ అన్న పోయినాడంట గదా!"

ఎలీషా చేతిలోని చొక్కా జారి బురదలో పడింది.

"ఎవురు చెప్పినారమ్మా?"

"గడివేముల నుంచి మీ మామ ఫోన్ చేసినాడు. అందరికీ తెలిసిపోయిందంట. నీకే ఎవురూ చెప్పినట్టు లేదు."

నాకే ఎవరూ చెప్పలేదు. ఆ మాటకు ఎలీషా బావి గట్టు మీద కూర్చుండిపోయాడు. సొంత అన్న పోతే పక్కింటి మనిషి నోట వినవలసినంత దూరమైపోయానా అనుకున్నాడు. వార్డు తలుపు దగ్గరి నుంచి తిరిగి వచ్చిన పొద్దు గుర్తొచ్చింది. రెండడుగులు లోపలికి వేసి ఉంటే సరిపోయేది. తడి చేతులతోనే చొక్కా తగిలించుకొని, ఫోన్, తాళం, కళ్ళజోడు, అన్నీ మరిచి బస్టాండుకు పరిగెత్తాడు.

తోపులాటలో రెండు బస్సులు తప్పిపోయి, మధ్యాహ్నానికి ఎక్కిన ఆళ్ళగడ్డ బస్సులో ఊపిరాడడం లేదు. జనం వల్ల కొంత, వాదన వల్ల కొంత. ముందు సీటులో ఒకాయన, "చచ్చిపోయినోన్ని బతికుండాడని చెప్పినారే, ఇంతకన్నా మోసముందా?" అంటున్నాడు. వెనక సీటాయన, "ఆ దేశపోళ్ళు చెప్పనిస్తే గదప్పా చెప్పేది!" అంటున్నాడు. వేరే రోజైతే ఈ బస్సు ఎలీషాకు పెళ్ళి పందిరిలా ఉండేది. ఆ రోజు కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. శిరివెళ్ళ దాటాక ముందు సీటాయన వెనక్కి తిరిగాడు.

"పెద్దమనిషీ, నువ్వు చెప్పు. గవర్నమెంటు అబద్ధం ఆడిందా, లేదా?"

ఎలీషా కళ్ళు తుడుచుకున్నాడు. "మా అన్న పోయినాడప్పా."

ముందు సీటాయన నాలుక కరుచుకున్నాడు. కాసేపటికి వెనక సీటాయన జాలిగా ముందుకు వంగి, మెల్లగా అడిగాడు.

"ఆయప్ప ఏ పార్టీ?"

ఆళ్ళగడ్డలో అన్న వీధి మలుపు తిరిగేసరికి ఎలీషాకు షామియానా కనబడింది. దాని కింద కుర్చీలు, జనం, మూలన పొయ్యి మీద పెద్ద గంగాళం. కళ్ళజోడు లేదు, ఉన్న చూపును కన్నీళ్ళు కమ్మేశాయి. షామియానా మధ్యలో మంచం, దాని మీద తల నుంచి దుప్పటి కప్పుకొని పొడుగ్గా ఒక మనిషి. ఎలీషా పోయి ఆ కాళ్ళ మీద పడ్డాడు.

"అన్నా! నన్నిడిచి పోతివా అన్నా! నాకింకెవురుండారు? నువ్వు చెప్పిందే నిజమన్నా. గవర్నమెంటు అబద్ధం ఆడలా. తెలిసింది చెప్పినారు. అంతా నిజమే. ఒక్కసారి లెయ్ అన్నా!"

దుప్పటి కదిలింది. జీపు కుదుపులకు నడుము పట్టేసి ఒరిగిన మేనమామ సామ్యేలు లేచి కూర్చొని, "నా కాళ్ళు ఇడువురా, నొప్పులు!" అన్నాడు.

ఎలీషా వెనక్కి పడబోయాడు. అంతలో కొళాయి దగ్గరి నుంచి, చేని మట్టి కడుక్కుంటున్న మనిషి గొంతు ఒకటి వినిపించింది.

"ఏమంటివి? ఇంగోసారి చెప్పు. అందరూ ఇనల్ల."

జకరయ్య. తడి కాళ్ళతో, తలగుడ్డతో, నిలువెత్తు మనిషి.

ఎలీషా పోయి అన్న భుజం పట్టుకున్నాడు. చేయి పట్టుకొని చూశాడు. మళ్ళీ భుజం పట్టుకున్నాడు. పశువును పరీక్షించినట్టు పరీక్షిస్తున్న తమ్ముణ్ణి జకరయ్య కాసేపు చూసి, "చాల్లేరా. బతికే ఉండా," అన్నాడు. తన భుజం మీది తమ్ముడి చేతిని ఒకసారి నొక్కాడు. వెంటనే సర్దుకొని గద్దించాడు. "చేన్లోనుంచి వస్తే నా ఇంటి ముందర నా చావు! పీనుగ నంద్యాల ఆసుపత్రి నుంచి వస్తుందని షామియానా గూడా ఏసి కూడు వండిస్తాండారు. నన్ను జూసి నా కూతురే జడుసుకునె. ఎవుర్రా చెప్పింది నేను పోయినానని?"

ఎలీషా నాగేశ్వరమ్మ పేరు చెప్పాడు. నాగేశ్వరమ్మకు చెప్పింది సామ్యేలు. సామ్యేలు ప్రియదర్శిని వైపు చూశాడు. ప్రియదర్శిని ఫోన్ తీసి నొక్కింది. షామియానా కింద ఎలీషా గొంతు ఖంగుమంది. "పోయినాడు! పెద్దాయన పోయినాడు!"

అందరి తలలూ ఎలీషా వైపు తిరిగాయి.

"అది… అది ఆ అధికారి గురించి," అన్నాడు ఎలీషా. "వేరే గ్రూపులో పెట్టాల్సింది. నేను అబద్ధం చెప్పలేదన్నా. ఆ పొద్దు తెలిసింది చెప్పినా."

"తెలిసింది చెప్పినావా!" జకరయ్య తలగుడ్డ విసిరికొట్టాడు. "బతికుండోన్ని చంపి, తెలిసింది చెప్పినానంటే సరిపోతుందా? మనిషికి, మనిషికి తేడా తెలీదా నీకు? ఎవురు చెప్పినారు, ఎందుకు చెప్పినారు, అంతా బయటికి రావల్ల. ఇచారణ జరగల్ల!"

"పొరపాటు వేరే, అబద్ధం వేరే అన్నా! ముందు ఒక మాట తెలుస్తుంది, తర్వాత ఇంగో మాట తెలుస్తుంది…"

"ఈ సాకులన్నీ నాకు చెప్పొద్దు! జనాన్ని మాయ చేసినావు!"

చుట్టాలు కూడా చెరో వైపు చేరారు. కుర్చీలు జరిగాయి. సామ్యేలు నడుము పట్టుకొని లేచి నిలబడ్డాడు. అరుపులకు వీధి చివరి కుక్కలు మొరిగాయి. అప్పుడు లూదియా గంగాళం దగ్గరి నుంచి గరిటెతో వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"మీ పార్టీలు మారినాయి, సూసుకోండి," అంది. "సూసుకున్నాక చేతులు కడుక్కోని రాండి. కూడు చల్లారిపోతాంది."

ఎవరూ నవ్వలేదు. అన్నదమ్ములిద్దరూ కాస్త ఆలోచించి చూసుకున్నారు. తరువాత చేతులు కడుక్కొని బంతిలో కూర్చున్నారు.

ఇంకా రెండు ముద్దలు తినక ముందే రాళ్ళు చెక్కే షెడ్డు నుంచి ఒకతను మోటారు సైకిలు మీద వచ్చాడు. సామ్యేలు మామ ముందుచూపు గల మనిషి. వచ్చే దారిలోనే సమాధి రాయి పురమాయించి వచ్చాడు.

"పోయినాయన పేరు జకరియా అని చెక్కల్లనా, జకరయ్య అని చెక్కల్లనా?" అని అతను బంతిలో మొదటి మనిషిని అడిగాడు.

"జకరయ్య," అన్నాడు జకరయ్య, అన్నం కలుపుతూ.

"పుట్టిన సంవత్సరం?"

"తెలీదు. మా నాయన రాసిపెట్టలా."

"పోయిన తేదీ ఈ పొద్దుదే గదా?"

జకరయ్య తమ్ముడి వైపు చూశాడు. "ఈయప్పను అడుగు. ఈయప్పకే తెలిసేది."

అప్పుడు నవ్వారు. ఎలీషా కూడా నవ్వాడు. వదిన విస్తట్లో పెరుగన్నం వేస్తే ఈసారి పూర్తిగా తిన్నాడు.

సాయంత్రం చుట్టాలంతా వెళ్ళిపోయారు. ఉండమని లూదియా అడిగింది. ఇంటికి తాళం వేయలేదని ఎలీషా చెప్పాడు. జకరయ్య బస్టాండు దాకా వచ్చాడు. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు.

"ఆయప్ప నిజంగా పోయినాడా?" అని అడిగాడు జకరయ్య.

"పోయినాడన్నా."

"ఇంట్లో ఎవురుండారంట?"

"పెండ్లాము, చిన్న కూతురు. ఆయమ్మకు కూడా బాగుండాడనే చెప్పినారంట."

ఇన్నాళ్ళుగా ఆ మనిషి పేరు మీద కొట్లాడుకున్నారు. అతనికి ఒక ఇల్లు ఉంటుందని, అందులో ఎవరో ఫోన్ కోసం కనిపెట్టుకొని ఉంటారని ఇద్దరికీ తోచలేదు.

ఎలీషా నంద్యాల చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. ఇల్లు తెరిచే ఉంది. టీవీ పొద్దున్నుంచీ నడుస్తూనే ఉంది. నలుగురు పెద్దమనుషులు ఖాళీ గదిలో ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. ఎలీషా దాన్ని ఆర్పేశాడు. ఫోన్ తీసి చూస్తే ఎత్తని పిలుపులు బారులు తీరి ఉన్నాయి. భార్య పోయిన రోజు తప్ప ఇంతమంది తనను తలుచుకున్నది లేదు. ఒక్కొక్క పేరూ చదువుకుంటూ పోయాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. చేతిలోనే ఫోన్ వెలిగింది. అన్న.

"చేరినావా?"

"చేరినానన్నా."

"ఎట్ల నమ్మేది?"

ఎలీషా పెరట్లోకి పోయి, గోడ మీది నుంచి ఫోన్ నాగేశ్వరమ్మకు అందించి, తాను ఇంట్లోనే ఉన్నానని అన్నకు చెప్పమన్నాడు.

నాగేశ్వరమ్మ ఆయనను కిందికీ పైకీ ఒకసారి చూసింది.

"ఉండాడప్పా," అంది ఫోనులో. "ఇప్పటికైతే ఉండాడు."