రామ్‌దాస్ నూరిన కత్తెరలు

చెరుకు సీజన్ ముగిసి చక్కెర ఫ్యాక్టరీ గేటు మూతపడిందంటే, నిజామాబాద్‌లోని ఆ బీడీల వాడకు ఏటా ఒక గండం వచ్చినట్టే. బోధన్‌లో లారీలకు చెయ్యూపే గేటు జవాను రామ్‌దాస్ నాలుగు నెలలు ఇంటికొచ్చి కూర్చుంటాడు. ఊరికే కూర్చున్నా బాగుండేది, ఏదో ఒకటి బాగుచేస్తాడు.

ఆ ఉదయం అతని భార్య రాధాబాయి చాట ముందేసుకుంది. జ్వరమొచ్చి రెండు వారాలు పని ఎగ్గొట్టినందుకు, సాయంత్రంలోగా వెయ్యి బీడీలు అప్పజెప్పకపోతే రిజిస్టరులోంచి పేరు కొట్టేస్తానన్నాడు, ఆకు పంచి బీడీలు లెక్కపెట్టుకునే కార్ఖానా మున్షీ భోజన్న. పేరు పోతే ఆకు ఇవ్వరు. ఆకు లేకపోతే ఆ నాలుగు నెలలూ పొయ్యి వెలగదు. నానబెట్టిన తునికాకు సిద్ధంగా ఉంది, కత్తెర కీలు మాత్రం వదులైంది.

"గా కీలు మీద ఒక్క దెబ్బ కొట్టు, సాలు. నేను నీళ్లు పట్టుకొస్త," అని బిందె తీసుకుని నల్లా దగ్గరికి వెళ్లింది.

ఒక్క దెబ్బతో సరిపెట్టుకునే మనిషా! కీలు ఊడదీసి, రెండు రెక్కలూ వేరుచేసి, రాయి మీద నీళ్లు చల్లి నూరాడు. ఫ్యాక్టరీలో చెరుకు నరికే కత్తులకు రెండువైపులా ధార చూశాడట, వీటికీ అలాగే పెట్టాడు. కత్తెర రెక్కకు లోపలివైపు చదునుగా ఉండాలని, ఆ రెండు చదునులూ ఒరుసుకుంటేనే ఆకు తెగుతుందని ఆ మహానుభావుడికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాడు కాదు. ఒక్కో రెక్కతో ముంజేతి వెంట్రుకలు నున్నగా గీకి, అరుగు మీద నిలబడి అందరికీ చూపించాడు.

పక్కింటి ముత్తవ్వ ముక్కున వేలేసుకుంది. "ఓయమ్మో, మంగలి కత్తి లెక్కుంది! నాది గూడ నూరు, కొడుకా."

ఆమె కత్తెర నిక్షేపంగా ఉంది. అయినా ఇచ్చింది. ఆమెను చూసి మరో పదిమంది ఇచ్చారు. కత్తెరతో పాటు బుద్ధి కూడా ఆ అరుగు మీదే పెట్టి పోయినట్టున్నారు.

నల్లా దగ్గర వరుస తెమిలి రాధాబాయి వచ్చేసరికి పన్నెండు కత్తెరలు నిగనిగలాడుతున్నాయి. ఆకు మీద కొలత రేకు పెట్టి కత్తిరించబోయింది. ఆకు తెగలేదు, రెక్కల మధ్య మడతపడి కూర్చుంది.

"ఏం జేసినవయ్యా?"

"కత్తెరకేమైంది? ఆకుకే తడి ఎక్కువైంది. ఎండకు పెట్టు."

ఆమె వద్దనేలోపే అతనే పరిచేశాడు. తమ ఆకూ తెగకపోయేసరికి అతన్ని చూసి వాడంతా పరిచింది. వైశాఖపు ఎండకు గంటలో ఆకు అప్పడమై, ముట్టుకుంటే పటపట విరిగింది.

"జూసినవా? ఆకే ఖరాబు! మున్షీ మోసం జేసిండు, పదుండ్రి!" తప్పు ఒప్పుకోవడం కంటే లోకం మీద పడడం అతనికి తేలిక.

రాధాబాయికి ఏడుపొచ్చింది. "నా పేరు కొట్టేస్తరు. నీ చేతులు ఇరుగ!" అని తిడుతూనే వెనక నడిచింది. ఇంకేం దారి ఉంది?

పన్నెండు మంది ఆడవాళ్లు కార్ఖానా గుమ్మం నిండా నిలబడ్డారు. రామ్‌దాస్ విరిగిన ఆకు తెచ్చి భోజన్న ముందు విసిరాడు. "గిదేం ఆకు? మనుషులకిచ్చేదేనా?" ఆకు కోయని కత్తెర కూడా చూపిద్దామని ముత్తవ్వ నడుములో దోపుకున్నదాన్ని తీయబోయింది.

భోజన్న ఉలిక్కిపడి, యజమాని కూర్చునే లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించాడు. "మెల్లగ మాట్లాడుండ్రి, సేటు లోపలున్నడు! పోయినేటి పాత ఆకు కలిపిన, నిజమే. మంచిది బయట అమ్ముకున్న. ఆయనకు చెప్పకుండ్రి, మీ కాళ్లు మొక్కుత."

ముత్తవ్వ కత్తెర చప్పుడు చేయకుండా మళ్లీ నడుములోకి వెళ్లింది. అందరికంటే ముందు తేరుకున్నది రాధాబాయి. "కొత్త ఆకియ్యి. నాలుగు దినాల గడువియ్యి. నా పేరు జోలికొస్తే ఇప్పుడే సేటును పిలుస్త."

"నీ పేరెందుకు కొడ్త అక్కా!" అన్నాడు భోజన్న, కట్టలు విప్పుతూ.

ఆ నాలుగు రోజుల్లో సాన పట్టే ఆశన్న పన్నెండు కత్తెరలనూ తిట్టుకుంటూ తిట్టుకుంటూ దారికి తెచ్చాడు. మున్షీ దొంగతనాన్ని తాను ముందే పసిగట్టానని రామ్‌దాస్ చౌరస్తాలో అందరికీ చెప్పుకున్నాడు. అప్పటినుంచి వాడంతా అతన్ని లీడర్ అని పిలుస్తోంది, చేతికి మాత్రం సూది కూడా ఇవ్వడం లేదు.