మూడు రంగుల ఆట

నారాయణఖేడ్ పట్టణంలో మొట్టమొదటి వీడియో గేమ్ సమీక్ష 1993 శ్రావణంలో, బస్సు డిపో ఎదుట ఒక దుకాణం తలుపు మీద, సుద్దముక్కతో వెలువడింది. రాసినవారు అమృత, బి.ఏ. పెళ్లయి నలభై ఒక్క రోజులు. వీడియో గేముల్లో అనుభవం ముప్పై తొమ్మిది రోజులు. విమర్శకులుగా స్థిరపడ్డ చాలామందికి ఆ మాత్రం కూడా ఉండదు కనుక ఆమె అర్హతను ఎవరూ ప్రశ్నించలేదు.

టీవీలో వీడియో గేమ్ ఆడించే ఆ దుకాణం ఆమె భర్త బసవరాజ్‌ది. గది మాత్రం మామ శంకరప్పది. మొన్నటిదాకా అందులో పెసర్ల బస్తాలుండేవి. దసరా నాటికి దుకాణంలో జనం కనబడకపోతే బస్తాలు లోపలికి, కొడుకు చేనుకి అని శంకరప్ప ఉత్తర్వు జారీ చేశాడు.

అమృతకు చేనంటే కోపం లేదు. కానీ ఆ ఇంట్లో పెద్దల ముందు కొత్త కోడలు మొగుడి పక్కన కూర్చునే పద్ధతి లేదు. అతడు తింటుంటే ఆమె గరిటె పట్టుకుని నిలబడాలి. అతడు చాయ్ తాగుతుంటే తలుపు చాటున నిలబడాలి. నారాయణఖేడ్ మొత్తంలో ఇద్దరూ పక్కపక్కన కూర్చోగల ఏకైక స్థలం ఆ టీవీ ముందున్న మూడడుగుల బల్ల. మధ్యాహ్నం సద్దిగిన్నె తీసుకుని వచ్చేది. ఆ గిన్నె పొద్దుగూకితేగాని ఇల్లు చేరేది కాదు. ఆట ఇద్దరు ఆడేది, రిమోట్ల వైర్లు రెండూ పొట్టివి. భుజం భుజం ఆనకపోతే ఆట సాగదు. వైర్లు అంత పొట్టిగా చేసిన కంపెనీకి ఆమె రోజూ మనసులోనే దండం పెట్టుకునేది.

ఇంత చక్కని దుకాణానికి ఎవరూ రాలేదు. ఆ ఏకాంతం ఎంత తియ్యగా ఉన్నా, దసరా దగ్గర పడుతోంది. అందుకే అమృత సుద్దముక్క పట్టింది.

టీవీని బసవరాజ్ పట్నంలో పాత సామాన్ల బజారులో కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. యాంటెన్నా లేదు. అందులో ఆట తప్ప మరేదీ ఎవరూ చూసి ఎరుగరు. కనుక సమీక్షకురాలు చూసింది చూసినట్టే రాసింది: "వీరుడు ఎగిరితే నీలం. నడిస్తే నారింజ. గుంతలో పడితే పచ్చ. ఆకాశం, సంధ్య, భూమి. మనిషి బతుకంతా మూడు రంగుల్లో చూపిన ఈ ఆటను చూడని కళ్లు ఉన్నా లేనట్టే. అయిదుకు అయిదు చుక్కలు."

మర్నాడు ఆ తలుపు ముందు మొదట ఆగినవాడు పాత పట్వారీ సంగయ్య. గొడుగు ఆనించి నిలబడి, రెండుసార్లు చదివి, లోపలికి తొంగి కూడా చూడకుండా, నీలం కొంచెం ఎక్కువైందని తీర్పు చెప్పాడు. బస్సు కోసం నిలబడ్డ ఒకాయన నీలమే ఆటకు ప్రాణమన్నాడు. ఆయన కూడా ఆట చూడలేదు. సాయంత్రానికి నీలం పార్టీ, పచ్చ పార్టీ ఏర్పడ్డాయి. వారం తిరిగేసరికి కల్హేర్ అంగడికి పోయినవాళ్లు ఈ వివాదాన్ని కూరగాయలతో పాటు ఇళ్లకు మోసుకుపోయారు. సిర్గాపూర్‌లో ఇద్దరు తోడల్లుళ్లకు మాటలు ఆగిపోయాయి. ఆడి చూసినవాళ్లు కొద్దిమందే. వాళ్లు మెతకగా మాట్లాడేవారు. ఆడితే సందేహాలు పుడతాయి. ఆడనివాళ్ల అభిప్రాయం మాత్రం ఇనుపగుండులా ఉండేది.

ఉభయ పక్షాల మనోభావాలను గౌరవిస్తూ యాజమాన్యం ఆటను మెరుగుపరచింది. పెళ్లి పందిట్లో మిగిలిన సీరియల్ బల్బులు టీవీ చుట్టూ వెలిశాయి. పందిరి జిగేల్ కాగితం గోడలకెక్కింది. బాంబు పేలినప్పుడల్లా బసవరాజ్ సైకిల్ బెల్లు కొట్టేవాడు, అమృత ఊదుబత్తుల కట్ట ఊపి తెర మీదికి పొగ వదిలేది. మెరుగు పెరిగిన కొద్దీ చుక్కలు పెంచక తప్పలేదు. భాద్రపదం చివరికి ఆటకు అయిదుకు తొమ్మిది వచ్చాయి.

వీరుడు మాత్రం కనబడడం మానేశాడు. ఆడేవాడు కూర్చున్న చిటికెలో చచ్చి, కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చేవాడు. ఎట్లుందని అడిగితే అందరిదీ ఒకే మాట.

"ఏం కనవడలే. జబర్దస్త్ ఉంది."

దసరా ముందురోజు శంకరప్ప తనిఖీకి వచ్చాడు. గదిలో పద్ధెనిమిది మంది. సంగయ్య కూడా మొదటిసారి లోపలికి దయచేశాడు. శంకరప్ప బల్ల మీద కూర్చుని, పొగలోకి చూసి అడిగాడు.

"ఆడెటోడు ఏడుండు?"

పద్ధెనిమిది మంది తెర మీద పద్ధెనిమిది చోట్లు చూపించారు. శంకరప్ప ముందుకు వంగాడు. పెసర ఆకు తిప్పి పురుగును వెతికే అలవాటున్న మనిషి. గోటితో తెర మూల గీకాడు. ఏదో లేచింది. పట్టుకుని లాగాడు. పైన నీలం, నడుమ నారింజ, కింద పచ్చ చారలున్న ప్లాస్టిక్ కాగితం, బ్లాక్ అండ్ వైట్ టీవీని కలర్ టీవీ అనిపించడానికి అంటించేది, సర్రున ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. వెనక తెల్లగా, నల్లగా, మినపగింజంత మనిషి స్పష్టంగా నిలబడి ఉన్నాడు.

"ఇగో, ఈడుండు," అన్నాడు శంకరప్ప. రిమోట్ అందుకుని మూడు గుంతలు వరసగా దాటించాడు. ఆ దుకాణంలో అది రికార్డు.

అమృత చెవుల దాకా ఎర్రబడింది. ఆమె సమీక్షల్లోని రంగులన్నిటిలో అదొక్కటే అసలుది. జనం ఇప్పుడు తన మీద పడతారని, రేపటికి బస్తాలు దిగుతాయని, బల్ల పోతుందని అనుకుంది. సంగయ్య గొడుగు నేలకు కొట్టి లేచాడు.

"శంకరప్పా, మంచిగున్న ఆటను ఖరాబ్ జేసినవ్. రెండు నెలల సంది మేం కొట్లాడుతున్న నీలం ఏది? తలుపు మీద రాసింది అబద్ధమా? చదువుకున్న పిల్ల రాసింది."

"తాతా, అది ఉత్త ప్లాస్టిక్ కాగితమే," అంది అమృత సన్నగా.

"నువ్వు రాసేది రాసినవ్ బిడ్డా. ఇగ అది ఊరిది. నువ్వు నడుమ రాకు."

సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. అమృత మైదాపిండి ఉడికించి, కాగితాన్ని తిరిగి అతికించింది. తొందరలో తలకిందులుగా అతికింది. వీరుడు ఎగిరితే పచ్చబడ్డాడు, గుంతలో పడితే నీలమయ్యాడు. సంగయ్య తృప్తిగా చూసి, ఇప్పుడు నీలం సరిపోయిందన్నాడు. శంకరప్ప ఆ పద్ధెనిమిది మందినీ ఒకసారి, వీరుణ్ణి ఒకసారి చూశాడు.

"జనమైతే ఉన్నరు. నడిపియ్," అని కొడుకుతో చెప్పి చేనుకి వెళ్లిపోయాడు.

దుకాణం నిలిచింది. మర్నాటి నుంచి బల్ల మీద అయిదుగురు కూర్చున్నారు, వాళ్ల నడుమ ఇరుక్కుని బసవరాజ్. సద్దిగిన్నెతో వచ్చిన అమృతకు గడప దాటే సందు లేదు. నాలుగు రోజులు ఓర్చుకుంది. అయిదో రోజు తలుపు తుడిచి, జీవితంలో మొదటిసారి నిజం రాసింది: "ఇందులో ఏమీ కనబడదు. దయచేసి ఎవరూ రావద్దు. చుక్కలు సున్నా."

మరుసటి ఉదయమే సిర్గాపూర్ నుంచి జీపు నిండా జనం దిగారు, ఏమీ కనబడకపోవడం ఎట్లుంటుందో చూడడానికి. అందులో తోడల్లుళ్లిద్దరూ ఉన్నారు, మళ్లీ మాట్లాడుకుంటూ.

కనుక అమృత ఇప్పుడు ఇంట్లో నిలబడుతుంది, దుకాణంలోనూ నిలబడుతుంది. తేడా ఒక్కటే, అక్కడ చేతిలో గరిటె, ఇక్కడ సుద్దముక్క. జనం తలల మీదుగా బసవరాజ్ ఒక్కోసారి ఆమెకేసి చూసి సైకిల్ బెల్లు కొడతాడు, బాంబు పేలకపోయినా.

ఈ కథ బాగుందో లేదో పాఠకులు నిస్సంకోచంగా ప్రకటించవచ్చు. కడదాకా చదివి ఉండాలన్న నిబంధన ఏదీ లేదు. చదివినవారు మాత్రం కాస్త జరిగి, బల్ల మీద ఒకరికి చోటివ్వవలసిందిగా మనవి.