అభిమానధనుడి అఫిడవిట్

ఉదయగిరిలో ఇంతవరకూ విగ్రహాలు ఆవిష్కరించారు, శిలాఫలకాలు ఆవిష్కరించారు. మా నాయకుడు సురేశ్‌బాబు గారు మాత్రం మొన్న ప్రెస్‌మీట్ పెట్టి తన పేదరికాన్ని ఆవిష్కరించారు.

"నాకు రూపాయి ఆదాయం లేదు. ఉండేదంతా మీ అభిమానమే," అన్నారు. మేం చప్పట్లు కొట్టాం.

సంగతేమిటంటే, విడిగా ఉంటున్న భార్య సరళమ్మ, కూతురు రజిత చదువుకి నెలకు ఎనిమిది వేలు భరణం ఇప్పించమని ఆత్మకూరు కోర్టుకెక్కింది. తండ్రి ఆదాయాన్ని బట్టి బిడ్డకు భరణమట. భరణమంటే భరించలేక ఆయన ఆదాయాన్నే త్యాగం చేశారు. ఇల్లు అమ్మ పేరున, టిప్పర్లు తమ్ముడి పేరున. ఆస్తి నాస్తి, మనసుకు స్వస్తి.

వాయిదా రోజు కొత్త చొక్కా కొని, చింపించి తొడుక్కుని షేర్ ఆటో ఎక్కారు. నాయకుడు ఆటోలో పోతుంటే మేం ఊరుకుంటామా? వెనక ముప్పై కార్లు పెట్టాం. కోర్టు ఎదురుగా 'నిరుపేద నేతకు ఘనస్వాగతం' అని ఫ్లెక్సీలు కట్టాం. కింద మా మొహాలు, ఫోన్ నంబర్లు. గజమాల వెయ్యడానికి ముస్తాక్ తన బాడుగ క్రేన్ తెచ్చాడు.

జడ్జిగారు కిటికీలోంచి క్రేన్‌ని చూసి, ఇదంతా ఎవరి ఖర్చని అడిగారు. తిండి, బట్ట, డీజిలు సమస్తం అభిమానులదేనని నాయకుడు వినయంగా మనవి చేశారు.

"ఫీజు కట్టలేదని పాపను బడికి రానీలేదు మేడమ్. అందుకే ఈడికి తెచ్చినా," అనింది సరళమ్మ.

"అయితే ఆయన్ని పోషించేవాళ్లనే పిలుద్దాం. ఫ్లెక్సీల మీదున్నవాళ్ల ఫోన్ నంబర్లు రాసుకురండి," అన్నారు జడ్జిగారు బంట్రోతుతో.

అందరికన్నా ముందు బయటికి ఉరికింది నేనే. బ్లేడుతో నా మొహం నంబరుతో సహా కోసి, మడిచి జేబులో పెట్టుకున్నాను. మిగతావాళ్లూ అదే పని చేశారు. కోర్టు బంట్రోతు వచ్చేసరికి కార్లు లేవు. ఫ్లెక్సీల్లో నాయకుడొక్కరే నవ్వుతున్నారు. చుట్టూ తలకాయలంత కంతలు, వాటిలోంచి ఆత్మకూరు బస్సులు కనపడుతున్నాయి.

బాడుగ అడగడానికి ఎవరూ మిగలక ముస్తాక్ కోర్టు హాలు తలుపు దగ్గరకొచ్చాడు. మొహం దాచుకుని నేనూ వాడి వెనకే నిలబడ్డాను.

"అన్నా, క్రేన్ బాడుగ పన్నెండు వేలు. లేకుంటే లేదని చెప్పు, పేదోడివి గదా, వదిలేస్తా."

నాయకుడి మీసం కదిలింది.

"ఎవుర్రా నాకు లేదనింది?" అంటూ ఫోన్ తీశారు.

పన్నెండు వేల రూపాయలు అందినట్టు ముస్తాక్ ఫోను హాలంతటికీ వినిపించేలా ప్రకటించింది. జడ్జిగారు పెన్ను క్యాప్ తీశారు.

ఈసారి చప్పట్లు కొట్టింది రజిత ఒక్కటే.