కెనడా కవరు

సోమవారం ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. నిడదవోలులో ఏడు గంటల ప్యాసింజరు ఎక్కడం, రాజమండ్రిలో దిగడం, తాను చదివిన ఇంజనీరింగు కాలేజీకి ఆటోలో వెళ్లి ఒక కవరు తీసుకోవడం, భోజనం వేళకు అత్తవారింటికి తిరిగి రావడం. ఇంత చిన్న పథకంలో తప్పు జరగడానికి చోటెక్కడుందా అని ఉదయ్‌భాస్కర్ వెతికి చూశాడు. ఎక్కడా కనబడలేదు. అందుకే అతనికి భయం వేసింది.

భయపడడం అతనికి కెనడాలో అలవాటైంది. రెండేళ్ల క్రితం, కాలువల శాఖలో పదకొండేళ్ల ఉద్యోగం వదులుకుని, భార్య సాయిసుధనూ కూతురు శ్రీదుర్గనూ వెంటబెట్టుకుని టొరాంటో వెళ్లాడు. ఇంజనీరు కాబట్టే ఆ దేశం వీసా ఇచ్చింది. తీరా దిగాక, నువ్వు ఇంజనీరువని ఎవరన్నారు అని అడిగింది. లైసెన్సు కావాలంటే అక్కడి అనుభవం ఉండాలి. అనుభవం రావాలంటే ఉద్యోగం ఉండాలి. ఉద్యోగం కావాలంటే లైసెన్సు ఉండాలి. ఈ మూడింటి చుట్టూ ప్రదక్షిణలు చేసి చేసి, చివరికి ఒక గిడ్డంగిలో పెట్టెలకు చీటీలు అంటించే పనిలో కుదురుకున్నాడు. ఇక్కడ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన సాయిసుధ అక్కడ పసిపిల్లల ముక్కులు తుడుస్తోంది. ఈ సంగతి వాళ్లిద్దరికి తప్ప మూడోవాళ్లకు తెలియదు.

అత్తవారికి మాత్రం "కంపెనీలో పనండి" అని ఫోనులో చెప్పాడు. మామగారు పెద్దిరాజు ఆ మాటను ఉన్నదున్నట్టే చేరవేశారు. కాకపోతే ఉదయం ఎరువుల కొట్టు దగ్గర కంపెనీగా బయలుదేరిన మాట, సాయంత్రం కాఫీ హోటలుకు చేరేసరికి వంతెన అయింది. ఆ తర్వాత రెండేళ్లలో అది పెద్ద వంతెన కూడా అయింది.

ఇప్పుడు బావమరిది అశోక్ పెళ్లికి వచ్చారు. పెళ్లి ఆదివారం జరిగిపోయింది. శనివారం తిరుగు విమానం. ఈలోగా ఆ కవరు చేతికి రావాలి. అక్కడి లైసెన్సు సంఘం వారి నిబంధన ఏమిటంటే, మార్కుల జాబితాలనూ, అభ్యర్థి నింపిన ఫారాన్నీ కాలేజీ వారే కవరులో పెట్టి అంటించి, అతుకు మీద ప్రిన్సిపాల్ సంతకం చేసి ముద్ర వేయాలి. అతుకు ఊడిందంటే లోపలున్నది చెల్లదు. నెలాఖరులోగా చేరకపోతే దరఖాస్తే చెల్లదు.

"ఎవరి చేతికీ ఇవ్వకండి. దారిలో ఎవరైనా పెన్ను అడిగినా ఆ కవరున్న సంచీ తెరవకండి" అని సాయిసుధ చెప్పి పంపింది.

ఆశ్చర్యం ఏమిటంటే కవరు ఆ రోజే వచ్చింది. రెండు నెలల ముందే ఉత్తరం రాసి, నింపిన ఫారం పంపి ఉండడం వల్ల గుమాస్తా భీమరాజు అన్నీ సిద్ధంగా ఉంచాడు. ఉదయ్‌భాస్కర్ దాన్ని పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చి, బీరువాలో అత్తగారి పట్టుచీరల అడుగున దాచాడు. ఆ మధ్యాహ్నం రెండేళ్ల తర్వాత మొదటిసారి నిశ్చింతగా నిద్రపోయాడు.

మంగళవారం పొద్దున కొరియరు ఆఫీసుకు బయలుదేరుతూ కవరు తీస్తే అతుకు మీద ఏదో ముద్దగా తగిలింది. అన్నం మెతుకు. ప్రిన్సిపాల్‌గారి సంతకంలో పై సగం ఒక దిక్కు చూస్తుంటే కింది సగం ఇంకో దిక్కు చూస్తోంది.

అత్తగారు అన్నపూర్ణమ్మ దాచకుండానే చెప్పారు. వియ్యపురాలికి పెట్టాల్సిన చీర కోసం బీరువా తీస్తే కనబడింది. ఇంత ముఖ్యమైన కాగితాలు శుభం లేకుండా దేశం దాటకూడదని తడిబట్టతో నెమ్మదిగా విప్పి, ప్రతి కాగితానికీ నాలుగు మూలలా పసుపు రాసి, దేవుడి దగ్గర పెట్టి, మళ్లీ చక్కగా అంటించారు.

"పైన కవరుకి రాస్తే సరిపోయేది కదండీ అత్తయ్యగారూ" అన్నాడు ఉదయ్‌భాస్కర్.

"కవరు చించి పారేస్తారు కదా బాబూ. లోపలి కాగితాలకి రాయకపోతే ఏం లాభం?"

మంచి పని చేశారండి అని, అతను గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చుండిపోయాడు. సాయిసుధ పక్కన కూర్చుని ఏమీ అనలేదు. అనదలచుకున్నది తల్లిని కాబట్టి.

విషయం తెలిసిన పెద్దిరాజుగారు చాలా నొచ్చుకున్నారు. తమ ఇంట్లో జరిగిన తప్పు తామే దిద్దాలని, బుధవారం అల్లుడితో పాటు రైలెక్కారు. వద్దని ఉదయ్‌భాస్కర్ నాలుగు విధాల చెప్పి చూశాడు. పసుపు అంటిన ఫారం పనికిరాదు, కొత్తది మళ్లీ నింపాలి. అందులో 'ప్రస్తుత ఉద్యోగం' అనే గడి ఒకటుంది. ఆ గడి మామగారి కంట పడకూడదు. కానీ ఆ కారణం చెప్పడానికి వీల్లేదు కాబట్టి మిగతా కారణాలేవీ నిలవలేదు. పెద్దిరాజుగారు భీమరాజు కోసం ఆత్రేయపురం పూతరేకుల పెట్టె కూడా పట్టుకొచ్చారు.

ఒక్క కవరుకు రెండోసారి ముద్ర వేయాలంటే పదిహేను రోజులు పడుతుందని భీమరాజు అన్నాడు. పూతరేకులు చూశాక, ప్రిన్సిపాల్‌గారు తలచుకుంటే వేరే సంగతి అన్నాడు. ప్రిన్సిపాల్‌గారి గదిలో ఉదయ్‌భాస్కర్ నోరు తెరవకముందే పెద్దిరాజుగారు అల్లుణ్ణి పరిచయం చేసేశారు. కెనడాలో వంతెనలు కడుతున్నాడని, ఈమధ్య కట్టినదాని పొడవు మన గోదావరి వంతెనకు కాస్త తక్కువని చెప్పారు.

ప్రిన్సిపాల్‌గారి ముఖం వెలిగిపోయింది. మర్నాడు ఆఖరి సంవత్సరం సివిల్ విద్యార్థులకు ఉపన్యాసం ఇవ్వాల్సిన పెద్దమనిషి హైదరాబాదు నుంచి రాలేనన్నాడట. విదేశాల్లో ఇంజనీర్ల భవిష్యత్తు గురించి ఒక్క గంట మాట్లాడితే చాలునన్నారు. కవరు సంగతి తనకు వదిలేయమని, ఫారం నింపి ఇచ్చి వెళ్తే రేపు వేదిక మీదే శాలువాతో పాటు అందజేస్తానని అన్నారు.

ఉదయ్‌భాస్కర్ మామగారికి వీపు తిప్పి, గోడకు ఆనించి ఫారం నింపాడు. ఆ గడి దగ్గర పెన్ను ఆగింది. అబద్ధం రాస్తే లైసెన్సు పోతుంది. నిజం రాస్తే ఇక్కడ పరువు పోతుంది. లైసెన్సు ఒక్కటే ఉంటుంది, పరువు కొంచెం కొంచెంగా పోగొట్టుకోవచ్చు అనుకుని, 'వేర్‌హౌస్ అసోసియేట్' అని వీలైనంత చిన్న అక్షరాలతో రాసి ఇచ్చాడు.

గురువారం ఉదయం పదింటికి కాలేజీ గేటు మీద గుడ్డ బ్యానరు కట్టి ఉంది. 'కెనడా వంతెనల నిర్మాతకు స్వాగతం' అని. దాని కింద ఒక వ్యాను ఆగి ఉంది. అందులోంచి పెళ్లికి వచ్చి ఇంకా వెళ్లని బంధువులు పదకొండు మంది దిగుతున్నారు. అందరికంటే ముందు దిగినది అశోక్ మామగారు బుల్లియ్య. ఆయనకు రైసు మిల్లు ఉంది. పెద్దిరాజుగారు కొత్త వియ్యంకుణ్ణి చెయ్యి పట్టుకుని మొదటి వరసలో కూర్చోబెట్టారు.

వేదిక మీద ప్రిన్సిపాల్‌గారు, అతిథి వివరాల కోసం అతను నింపిన ఫారాన్నే చేతిలో పట్టుకున్నారు. అది చూసి ఉదయ్‌భాస్కర్ కుర్చీ అంచును గట్టిగా పట్టుకున్నాడు.

"శ్రీ ఉదయ్‌భాస్కర్ గారు ప్రస్తుతం టొరాంటోలో వేర్‌హౌస్ అసోసియేట్ హోదాలో ఉన్నారు. మన దగ్గర అసోసియేట్ ప్రొఫెసర్ కావడానికి పదిహేనేళ్లు పడుతుంది. వీరు రెండేళ్లలో సాధించారు."

చప్పట్లు మోగాయి. పెద్దిరాజుగారు అందరికంటే ఆలస్యంగా ఆపారు. ఉదయ్‌భాస్కర్‌కు ప్రాణం లేచొచ్చింది. గండం గడిచిందనుకుని మైకు దగ్గరికి నడిచాడు. అప్పుడు మొదటి వరసలోంచి బుల్లియ్యగారు, ఏ కల్మషమూ లేకుండా, తెలుసుకుందామనే చెయ్యెత్తారు.

"వేర్‌హౌస్ అంటే గిడ్డంగే కదండీ? మా మిల్లు బియ్యం దించే చోటుకీ అదే పేరండి."

ఉదయ్‌భాస్కర్ మామగారి వైపు చూశాడు. ఆయన ముఖంలో నవ్వు ఇంకా అలాగే ఉంది, తీయడం మరిచిపోయినట్టు. వెనక వరసలో సాయిసుధ ఉంది. ఆమె తల ఊపింది. చెప్పేయండి అన్నట్టో, వచ్చేయండి అన్నట్టో అతనికి అర్థం కాలేదు. మొదటిదే అనుకున్నాడు.

"గిడ్డంగేనండి. అక్కడ నేను పెట్టెలకి చీటీలు అంటిస్తానండి. వంతెన ఒక్కటి కూడా కట్టలేదండి."

ఒకసారి మొదలుపెట్టాక ఆపడం అతని వల్ల కాలేదు. రెండేళ్లుగా ఎవరికీ చెప్పనిదంతా నలభై నిమిషాల్లో చెప్పాడు. నూట ముప్పై దరఖాస్తులు పంపిన సంగతి, ఒక ఆఫీసులో పిలిచి మీకు అర్హత మరీ ఎక్కువైందని పంపేసిన సంగతి, కూతుర్ని స్కూల్లో తండ్రి ఉద్యోగం ఏమిటని అడిగితే ఆ పిల్ల ఆలోచించి 'కాలువలు' అని చెప్పిన సంగతి. ఇక్కడ పదివేల ఎకరాలకు నీళ్లు వదిలిన చేతులకు అక్కడ చీటీ వంకరగా అంటించావని చీవాట్లు పడతాయని చెప్పాడు. వెళ్లొద్దని అనలేదు. వెళ్లే ముందు ఇవన్నీ తెలుసుకోమన్నాడు. చెప్పడం పూర్తయ్యేసరికి చొక్కా తడిసి వీపుకు అంటుకుంది.

ప్రశ్నలేమైనా ఉన్నాయా అని ప్రిన్సిపాల్‌గారు నీరసంగా అడిగారు. దుర్గాశ్రీ అనే విద్యార్థిని లేచింది.

"సార్, ఆ గిడ్డంగిలో ఇంకా ఖాళీలున్నాయా అండి?"

హాలంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. ముందటి బ్యాచిలో నలభై మంది పాసైతే ఇద్దరికే ఉద్యోగాలు వచ్చాయని, అందులో మొదటి ర్యాంకు వచ్చిన తన అన్నయ్య తణుకులో సెల్‌ఫోను సిమ్‌కార్డులు అమ్ముతున్నాడని చెప్పి కూర్చుంది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఉదయ్‌భాస్కర్ శాలువా రాదనుకున్నాడు. వచ్చింది. కవరు రాదనుకున్నాడు. ప్రిన్సిపాల్‌గారు ఫారాన్ని లోపల పెట్టి, అందరి ఎదుటా అంటించి, అతుకు మీద రెండు సంతకాలు చేశారు. చేతికిస్తూ మైకుకు దూరంగా వంగి, తన తమ్ముడు కూడా టొరాంటోలోనే ట్యాక్సీ నడుపుతున్నాడని, ఎమ్మెస్సీ ఫిజిక్సని చెప్పారు. ఇంట్లో ప్రొఫెసరని చెప్పామండీ, మీరు ఎవరితోనూ అనకండి అన్నారు.

బయటికి వస్తే భీమరాజు కిటికీ ముందు విద్యార్థుల వరస ఉంది. వరండా దాటి, మెట్లు దిగి, సైకిలు స్టాండు దాకా వెళ్లింది. తన మాటలు విని వీళ్లంతా కెనడా మానుకుంటారని, ఆ పాపం తనకు తగులుతుందని ఉదయ్‌భాస్కర్ వేదిక మీదే బెంగపెట్టుకున్నాడు. వాళ్లు మాత్రం అంటించిన కవర్ల కోసం దరఖాస్తులు రాస్తున్నారు. అభ్యర్థి ఫారానికి నకళ్లు కావాలని ఒకడు అతని చేతిలోని ఫైలునే అడిగాడు. సైకిలు స్టాండు దగ్గర, ఆ కాలేజీతో ఏ సంబంధమూ లేని బుల్లియ్యగారు, ఇంటరు తప్పిన రెండో కొడుకు దుర్గాసాయి కోసం నిలబడి ఉన్నారు.

కవరును రాజమండ్రిలోనే కొరియరుకు ఇచ్చి, రసీదు జేబులో పెట్టుకున్నాకే రైలెక్కాడు. పెద్దిరాజుగారు ఎదుటి సీట్లో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. గోదావరి దాటింది, కొవ్వూరు దాటింది. ఉదయ్‌భాస్కర్ క్షమాపణ ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నాడు.

"ఒక్కో పెట్టె ఎంత బరువుంటుంది అల్లుడుగారూ?" అన్నారు చివరికి.

"ఇరవై కిలోలండి. నేను ఎత్తనక్కర్లేదండి, అంటించడమే."

"నడుం జాగ్రత్త." కిటికీలోంచే చూస్తూ అన్నారు. "మీరేం అబద్ధం చెప్పలేదు లెండి. ఆ వంతెన కట్టింది నేను."

శనివారం వాళ్లు విమానం ఎక్కారు. కవరు చేరింది, చెల్లింది. మూడు పరీక్షలు రాయమన్నారు, రాశాడు. ఆ దేశం వెళ్లిన నాలుగో ఏట ఒక చిన్న ఊళ్లో మురుగుకాలువలు చూసే ఆఫీసులో ఇంజనీరుగా చేరాడు. సాయిసుధ మళ్లీ మొదటి నుంచి చదువుకుని, ఇంకో రెండేళ్లకు టీచరైంది. గురువారం నాడు తన కిటికీ ముందు పడిన వరసను సాయంత్రం ఆరింటికి గాని వదిలించుకోలేకపోయిన భీమరాజు మాత్రం మర్నాడే అక్కడ ఒక బోర్డు పెట్టించాడు. విదేశీ కవర్లు మంగళ, శుక్రవారాలలో మాత్రమే ఇవ్వబడును అని.